వి. సాగర్, ఆడలేదు

స్కాట్లండ్ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు మొదటినుంచీ ఎవరెవరు ఆడారో తేల్చే పని శ్రీవల్లికి వచ్చి పడిందంటే అందుకు కారణం ఆమె చేతిరాత.

వారమంతా ఆమె ఎడిన్‌బర్గ్‌లో ఒక పెన్షన్ కంపెనీలో డేటా చూసేది. శనివారం వస్తే ఊళ్లోనే లీత్ అనే పేటలోని ఒక స్కూలు జిమ్‌లో స్థానిక లీగ్ మ్యాచ్‌లకు స్కోరర్‌గా కూర్చునేది. హనుమకొండలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు కాలేజీ జట్టులో ఆడింది. ఇక్కడికి వచ్చాక మోకాలు సహకరించక, ఆటకు దూరంగా ఉండలేక, స్కోరర్ బల్ల దగ్గర చేరింది. ఆమె రాసిన స్కోర్‌షీటులో కొట్టివేతలు ఉండవు. అది గమనించినవాడు గ్రెగర్. రిటైరైన పీఈటీ మాస్టారు, ఒకప్పటి ఆటగాడు.

ఇప్పుడు పెద్ద అంతర్జాతీయ పోటీల్లో స్కాట్లండ్ విడిగా ఆడటం లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లతో కలిసి గ్రేట్ బ్రిటన్ జట్టుగా దిగుతోంది. పాత స్కాట్లండ్ జట్టుకు ఆడినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారని, అందరూ పోకముందే ప్రతివాడికీ వరుస నంబరు ఇచ్చి, నంబరు కుట్టిన టోపీ చేతికివ్వాలని గ్రెగర్, మరో నలుగురు పాత ఆటగాళ్లు కలిసి ఒక కమిటీ వేసుకున్నారు. మొదటి మ్యాచ్ ఎవరు ముందు ఆడితే వాళ్లకు ముందు నంబరు. నిబంధన ఒక్కటే. జట్టులో పేరుంటే చాలదు, ఒక్క సెకనైనా కోర్టులో అడుగుపెట్టి ఉండాలి.

అక్టోబరులో మొదలుపెట్టి జనవరి నాటికి శ్రీవల్లి నాలుగు వందల పేర్ల పైచిలుకు తేల్చింది. పాత పత్రికలు, మ్యాచ్ రోజు అమ్మిన కరపత్రాలు, ఆటగాళ్ల ఇళ్లలోని ఆల్బమ్‌లు అన్నీ చూసింది. చివరికి ఏడు పేర్లు మిగిలాయి. జట్టు జాబితాలో ఉన్నారు గాని పాయింట్లు చేసినవాళ్లలో లేరు. బెంచి మీదే కూర్చున్నారో, దిగి ఆడి ఏమీ చేయలేకపోయారో తెలియదు. కమిటీ వాళ్ల పాత కాగితాల్లో ఆ ఏడుగురి ఎదుటా ఒకటే మాట ఉంది: ఆడలేదు.

ఏడింటిలో అయిదోది వి. సాగర్. మార్చి 1971, వేల్స్‌తో స్నేహపూర్వక మ్యాచ్, ఎడిన్‌బర్గ్. జెర్సీ నంబరు పద్నాలుగు.

ఆ పేరు చదవగానే ఆమెకు విద్యాసాగర్ అంకుల్ గుర్తుకొచ్చాడు. ఎడిన్‌బర్గ్‌లో తెలుగువాళ్లు తక్కువ, అందరికీ అందరూ తెలుసు. అంకుల్‌కి డెబ్భై ఎనిమిదేళ్లు. సికింద్రాబాద్ నుంచి చదువుకోసం వచ్చి, నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకు జీపీ డాక్టరు దగ్గర పేరెలా రాయించుకోవాలో, కౌన్సిల్ టాక్స్ అనే ఇంటిపన్నులో మినహాయింపు ఎలా అడగాలో చెప్పేది ఆయనే. శ్రీవల్లి దంపతులకు మొదటి ఫ్లాట్ చూపించిందీ ఆయనే. అయిదడుగుల పది అంగుళాల మనిషి, ఈ వయసులోనూ వెన్ను వంగలేదు.

ఆదివారం ఫోన్ చేసి అడిగింది.

"నేను గాదు బిడ్డా. సాగర్లు మస్తుమంది ఉంటరు" అన్నాడు. ఆ వెంటనే ఆమె భర్త దినేశ్ గురించి, హాస్పిటల్లో అతని డ్యూటీ రోటా గురించి అడిగి ఫోన్ పెట్టేశాడు.

శ్రీవల్లి నమ్మింది. నమ్మకపోవడానికి కారణం లేదు. కానీ వారం తర్వాత ఇండియన్ షాపులో ఆయన భార్య సత్యమ్మ ఆంటీ కలిసింది. మాటల మధ్య శ్రీవల్లి తన జాబితా సంగతి చెప్పింది. సత్యమ్మ చేతిలోని మెంతికూర కట్టను బుట్టలో పెట్టకుండా నిలబడిపోయింది.

సికింద్రాబాద్‌లో ఉన్నప్పుడు ఆయన బాల్ ఆడేవాడని పెళ్లిలో బావగారు చెప్పారట. ఇక్కడికొచ్చాక ఎప్పుడూ ఆడగా చూడలేదట. "ఒలింపిక్స్ అన్నీ చూస్తడు, కుస్తీలు సుత చూస్తడు. బాస్కెట్‌బాల్ వచ్చిందంటే టీవీ బంద్ జేస్తడు. యాభై ఏండ్ల సంది జూస్తున్న, ఎందుకో అడిగితే చెప్పడు" అంది.

ఆ సాయంత్రం శ్రీవల్లి గ్రెగర్‌కు ఉత్తరం రాసింది. ఏడుగురి విషయం ఇంకా చూడాలనీ, వరుస నంబర్ల పుస్తకం అచ్చుకు పంపడం రెండు నెలలు ఆపమనీ కోరింది. కమిటీ సమావేశంలో గ్రెగర్ నవ్వుతూనే అన్నాడు, ఆ పేరు మీ వాళ్లది కాబట్టే నీకు ఇంత పట్టుదల అని. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. మిగతావాళ్లూ నవ్వారు. శ్రీవల్లి నవ్వలేదు. మిగతా ఆరుగురి పేర్లూ ఊళ్లతో సహా కాగితం చూడకుండా అప్పజెప్పింది. వాళ్లలో ఇద్దరు చనిపోయారని, ఒకరు అబర్డీన్‌లో కేర్ హోమ్‌లో ఉన్నారని చెప్పింది. ఏడుగురినీ తేలుస్తానంది, సాగర్ కోసమని ముందుగా వెతకనంది. గ్రెగర్ తల ఊపి, మార్చి ఆఖరు వరకు గడువిచ్చాడు.

బస్సు దిగి ఇంటికి నడుస్తున్నప్పుడు ఆమెకు కోపం తగ్గలేదు. గ్రెగర్ అన్నదాంట్లో కొంత నిజం ఉందని ఆమెకు తెలుసు. సాగర్ అనే పేరు కాకపోతే ఏడింటినీ అలాగే వదిలేసేదేమో. అందుకే ఏడూ చూడాలి అనుకుంది.

పాయింట్లు చేయనివాళ్ల జాడ పత్రికల్లో దొరకదు. అది దొరికేది అసలు స్కోర్‌షీట్లలోనే. అవెక్కడున్నాయో ఎవరికీ తెలియదు. అప్పటి స్కోరర్ల పేర్లు వెతికింది. డెబ్భైల్లో ఎడిన్‌బర్గ్ మ్యాచ్‌లకు ఎక్కువగా కూర్చున్నది జీన్ అనే ఆవిడ. ఆవిడ పోయి పదకొండేళ్లయింది. కూతురు ఐలీన్ కర్కాల్డీలో ఉంటోందని ఒక పాత రిఫరీ చెప్పాడు. ఫోన్ చేస్తే ఐలీన్, అమ్మ కాగితాలు గరాజులో పెట్టెల్లో ఉన్నాయనీ, ఎలుకలు ఎన్ని మిగిల్చాయో తెలియదనీ అంది.

శ్రీవల్లి వరసగా నాలుగు శనివారాలు లీగ్ స్కోరింగు వేరేవాళ్లకు అప్పగించి, పొద్దున్నే బస్సెక్కి సముద్రపాయ మీది వంతెన దాటి కర్కాల్డీ వెళ్లింది. గరాజులో హీటర్ లేదు. కోటు విప్పకుండా, వేళ్లు కత్తిరించిన చేతి తొడుగులతో పెట్టె తర్వాత పెట్టె చూసింది. క్రిస్మస్ కార్డులు, కరెంటు బిల్లులు, అల్లిక నమూనాలు, వాటి మధ్యలో స్కోర్‌షీట్ల కార్బన్ ప్రతులు. సంవత్సరాల వరుస లేదు. మొదటి శనివారం ఏమీ దొరకలేదు. రెండో శనివారం 1974 నాటి షీటు దొరికి ఏడుగురిలో ఒకడు నిజంగానే ఆడలేదని తేలింది. మూడోసారి మరో ఇద్దరు ఆడినట్టు తేలింది. ఐలీన్ టీ తెచ్చి ఇస్తూ, ఇంత చలిలో ఇదంతా ఎందుకని అడిగింది. మీ అమ్మ ఇంత శ్రద్ధగా రాసింది కదా, ఎవరో ఒకరు చదవాలి కదా అంది శ్రీవల్లి. ఆ తర్వాత ఐలీన్ కూడా ఒక స్టూలు తెచ్చుకుని పెట్టెలు విప్పడం మొదలుపెట్టింది.

నాలుగో శనివారం మధ్యాహ్నం, అల్లిక పుస్తకం అట్టల మధ్య, వేల్స్ మ్యాచ్ షీటు దొరికింది.

స్కాట్లండ్‌కు తొమ్మిదిమంది. పద్నాలుగో నంబరు, వి. సాగర్, ఆఖరి వరుస. కోర్టులోకి దిగినట్టు గుర్తు పెట్టే గడిలో కార్బన్ మసక తప్ప ఏమీ కనిపించలేదు. పాయింట్లు లేవు. కానీ ఫౌళ్ల గడిలో ఒక్క అంకె స్పష్టంగా ఉంది. ఇరవయ్యో నిమిషంలో ఒక ఫౌల్. బెంచి మీద కూర్చున్నవాడు ఆ ఫౌల్ చేయలేడు. అంటే అతను ఆడాడు.

శ్రీవల్లి సంతోషం అరనిమిషం కూడా నిలవలేదు. కన్ను పక్కనే ఉన్న స్కోరు వరుస మీదికి వెళ్లింది. రెండో సగం ఇరవయ్యో నిమిషం, అంటే ఆట ఆఖరి నిమిషం. స్కాట్లండ్ డెబ్భై, వేల్స్ అరవై తొమ్మిది. పద్నాలుగో నంబరు ఫౌల్. వేల్స్ ఎనిమిదో నంబరుకు రెండు ఫ్రీ త్రోలు, పడితే ఒక్కోదానికి ఒక పాయింటు. రెండూ పడ్డాయి. కింద గీత. వేల్స్ డెబ్భై ఒకటి, స్కాట్లండ్ డెబ్భై.

టీవీ ఎందుకు బంద్ చేస్తాడో ఆమెకు అర్థమైంది.

తిరుగు బస్సులో షీటును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రుజువు దొరికింది, కమిటీకి పంపితే పని అయిపోతుంది. కానీ అడిగినప్పుడు ఆయన తాను కాదన్నాడు. ఆ మాటను దాటి, ఆయనకు తెలియకుండా ఆయన పేరు అచ్చు వేయడం దొంగతనంలా అనిపించింది. వేయకపోతే తాను చేసిన జాబితా అబద్ధమవుతుంది. వంతెన దాటేలోగా ఆమె షీటును మళ్లీ మొదటినుంచి చదవసాగింది. ఈసారి స్కోరర్ చదివే పద్ధతిలో, నిమిషం నిమిషం.

మర్నాడు ఆదివారం పదకొండింటికి వాళ్ల ఇంటి బెల్ కొట్టింది. సత్యమ్మ వంటింట్లో ఉంది. విద్యాసాగర్ ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరులో ఉన్న పాత కాగితాన్ని చూసి, అదేమిటని అడగలేదు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"దొరికిందా?" అన్నాడు.

"దొరికింది అంకుల్."

"నేను గాదని చెప్పిన గదా."

"చెప్పిండ్రు. అందుకే కమిటీకి పంపలే. ముందుగాల మీ దగ్గరికి తెచ్చిన."

ఆయన కిటికీలోంచి బయటకు చూశాడు. అటే చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. సికింద్రాబాద్‌లో స్కూలు రోజులనుంచి ఆడాడు. ఇక్కడ యూనివర్సిటీ జట్టులో చేరాడు, అక్కడినుంచి క్లబ్బుకు. ఆ వారం జాతీయ జట్టులో ముగ్గురికి ఫ్లూ వచ్చి, మనుషులు చాలక పిలిచారు. స్నేహపూర్వక మ్యాచ్ కావడంతో ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. అయిదు ఫౌళ్లు చేసినవాణ్ని ఇక ఆడనివ్వరు; ఆ రోజు ఒక్కొక్కరే అలా బయటికొస్తుంటే, ఆఖరికి బెంచి మీద తానొక్కడే మిగిలాడు. కోచ్ తన పేరు కూడా పిలవలేదు. చేత్తో సైగ చేశాడంతే.

"వేల్స్ ఎనిమిదో నంబరోడు ఆరడుగుల అయిదు అంగుళాలుండె. నా మీదికెళ్లి లేసిండు. నేను జెయ్యెత్తిన. తగిలింది. తగల్లేదని అనను. రిఫరీ తప్పేం లేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది? బట్టలు మార్చుకునే రూమ్‌ల, కిందికి వంగి లేసులు ఇప్పుకుంటున్న. ఎన్కనుంచి ఎవడో అన్నడు, వీణ్ణి లోపలికి పంపిందెవరు అని. ఎవడన్నడో చూళ్లే. తల ఎత్తలే. చూసుంటే వానొక్కనితోని మాట్లాడకపోయేవాణ్ని. చూడలే గాబట్టి అందర్తోని బంద్ అయింది."

క్లబ్బుకు మళ్లీ పోలేదు. జెర్సీని కడిగి ఇస్త్రీ చేసి పోస్టులో పంపాడు. మూడేళ్లకు పెళ్లయింది. భార్యకు చెప్పలేదు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, ఓడగొట్టినవాణ్ని అని చెప్పుకోవాలా అన్నాడు. ఈ పేరు రాయొద్దు బిడ్డా అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

శ్రీవల్లి షీటును బల్ల మీద పరిచింది. రాయాలా వద్దా అన్నది మీ ఇష్టమే, కానీ ముందు ఇది ఒకసారి చదవండి అంది. ఆయన వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె కాగితం తీయలేదు. తాను నాలుగు శనివారాలు చలిలో కూర్చున్నది దీనికోసమనీ, అయిదు నిమిషాలు అడగడానికి తనకు హక్కుందనీ చెప్పింది. పెద్దాయనతో ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. ఆయన అద్దాలు పెట్టుకున్నాడు.

ఆమె వేలు పెట్టి చూపించింది. నాలుగోవాడు అయిదో ఫౌల్‌తో బయటికొచ్చింది రెండో సగం పదహారో నిమిషంలో. బెంచి మీద మిగిలింది పద్నాలుగో నంబరు ఒక్కడే, కాబట్టి దిగింది అప్పుడే. అప్పటికి స్కోరు వేల్స్ అరవై తొమ్మిది, స్కాట్లండ్ అరవై మూడు. ఆరు పాయింట్లు వెనక. పదో నిమిషంనుంచి పదహారో నిమిషందాకా వేల్స్ ఎనిమిదో నంబరు ఒక్కడే పన్నెండు పాయింట్లు చేశాడు.

"పదహారు తర్వాత ఎనిమిదో నంబరు ఎక్కడున్నడో చూడుండ్రి" అంది.

ఆయన చూశాడు. వేలు వరుస మీద కిందికి దిగింది. పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది. ఆ నిమిషాల్లో వేల్స్ పక్క ఒక్క అంకె లేదు. స్కాట్లండ్ పక్క ఏడు పాయింట్లు. మళ్లీ పైకి వెళ్లి మళ్లీ దిగింది.

"వాణ్ని కదలనియ్యకుండ పట్టింది ఎవరు అంకుల్?"

"నేనే" అన్నాడాయన.

ఆ తర్వాత ఆమె ఫ్రీ త్రోల గుర్తులు చూపించింది. ఆ రోజు స్కాట్లండ్ తొమ్మిది ఫ్రీ త్రోలు తప్పింది, అందులో కెప్టెన్‌వే నాలుగు. అవన్నీ జీన్ ఓపికగా గీసి పెట్టింది. తప్పిపోయిన తొమ్మిదింటిలో రెండు పడినా ఆ ఫౌల్‌తో పని లేకపోయేది. ఓడగొట్టింది మీరొక్కరే కాదు అని ఆమె అనబోయి ఆగింది. ఆయన ఇంకా చదువుతున్నాడు. ఇంజనీరు చదివినట్టు, పెన్సిలు అడిగి తీసుకుని, వేరే కాగితం మీద నిమిషాలు, పాయింట్లు తిరిగి వేసుకుని సరిచూశాడు. చివరికి పెన్సిలు పెట్టేశాడు.

"ఫౌల్ అయితే ఉన్నది" అన్నాడు.

"ఉన్నది. అదుంది గాబట్టే మీరు ఆడినట్టు తెలిసింది. ఇంకో ఆధారం లేదు."

ఆయన ముఖంలో నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. గుమ్మంలో సత్యమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. వచ్చి భర్త పక్కన కూర్చుంది. ఆమెకు స్కోర్‌షీటు చదవడం రాదు. వి. సాగర్ అన్న పేరు మీద వేలు పెట్టి, ఇది మీరేనా అని అడిగింది. ఆయన అవునన్నాడు.

"యాభై ఏండ్లు నాకెందుకు చెప్పలే?" అంది సత్యమ్మ. కోపంగా కాదు, అడగాలి కాబట్టి అడిగినట్టు. ఆ వెంటనే శ్రీవల్లి వైపు తిరిగి, "రాయి బిడ్డా. ఈయన పేరు రాయి" అంది. విద్యాసాగర్ కాదనలేదు.

ఏప్రిల్ రెండో ఆదివారం లీత్ జిమ్‌లోనే టోపీలు ఇచ్చారు. ముసలివాళ్లు అరవైమంది దాకా వచ్చారు, కర్రలతో కొందరు, చక్రాల కుర్చీల్లో కొందరు. విద్యాసాగర్‌కు నూట పన్నెండో నంబరు వచ్చింది. పొడుగాటి గ్రెగర్ వంగి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత శ్రీవల్లి దగ్గరికి వచ్చి, జనవరిలో తానన్న మాట అనవలసింది కాదని చెప్పాడు. ఆమె ఫరవాలేదని అనలేదు. మిగతా మూడు పేర్లకు ఇంకో ఆరు నెలలు గడువు కావాలంది. ఆయన ఇచ్చాడు.

ఆ మ్యాచ్ ఆడినవాళ్లలో ఇద్దరే బతికి ఉన్నారు. ఇద్దరూ వచ్చారు. విద్యాసాగర్ టీ కప్పు పట్టుకుని వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లడం శ్రీవల్లి దూరంనుంచి చూసింది. పది నిమిషాల తర్వాత ఆయన తిరిగి వచ్చాడు. ముఖం చిత్రంగా ఉంది.

"వాళ్లకు యాదికి లేదు" అన్నాడు.

"ఏది?"

"ఫౌల్. ఒకాయనకు ఆ మ్యాచే యాదికి లేదు. ఇంకొకాయనకు, మ్యాచ్ అయినంక తిన్న చేపలు యాదికున్నయి. మనం గెలిచినమనే అనుకుంటున్నడు."

యాభై నాలుగేళ్లు మోసిన బరువును దింపి చూపిస్తే, అదేమిటని అడిగినట్టయింది. ఆయన బాధపడ్డాడో, తేలికపడ్డాడో ఆమెకు తెలియలేదు. కొంచెం కోపం కూడా వచ్చినట్టుంది.

"నేను చెప్పిన, గెలవలే, ఒక్క పాయింటు తోని ఓడినం, ఫౌల్ నాదే అని. గట్టిగనే చెప్పిన. యాభై నాలుగేండ్లల్ల మొదటిసారి" అన్నాడు.

సత్యమ్మ ఆయన టోపీని సవరించి, ఫొటో తియ్యమని శ్రీవల్లికి ఫోన్ ఇచ్చింది. ఫొటోలో ఆయన నవ్వలేదు. నిటారుగా నిలబడ్డాడు.

మంగళవారం పొద్దున ఆయనే ఫోన్ చేశాడు. మిగిలిన ముగ్గురి పేర్లు చెప్పమన్నాడు. అబర్డీన్ కేర్ హోమ్‌లో ఉన్నాయన కాక మిగతా ఇద్దరి కుటుంబాలు ఎక్కడున్నాయో అడిగాడు. తనకు బస్ పాస్ ఉందనీ, వారంలో ఏడు రోజులూ ఖాళీయేననీ, శ్రీవల్లికేమో ఉద్యోగం ఉందనీ అన్నాడు. ముందు అబర్డీన్‌కు తానే పోతానన్నాడు.

"ఆయనకు మతిమరుపట అంకుల్. మీరు పోయినా ఏం చెప్పలేకపోవచ్చు."

"చెప్పకపోతే వాళ్లింట్ల వాళ్లను అడుగుత. వాళ్లు చెప్పకపోతే అప్పటి స్కోరర్ ఎవరో పట్టుకుంట. అక్కడ గూడ ఒక గరాజు ఉంటది గదా."

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి సత్యమ్మ పులిహోర డబ్బా కట్టి ఇచ్చింది. శ్రీవల్లి ఆఫీసుకు వెళ్తూ బస్ స్టేషన్‌లో దిగి, అబర్డీన్ ఆయన జట్టులో ఉన్న మ్యాచ్ వివరాలు రాసిన కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన అద్దాలు పెట్టుకుని, అక్కడే నిలబడి మొత్తం చదివాడు. తేదీ దగ్గర ఒక అంకె సరిగా కనబడటం లేదని, మూడా ఎనిమిదా అని అడిగాడు. మూడు అంది. ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆ అంకెను దిద్ది, కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకుని, అబర్డీన్ బస్సెక్కాడు.